పాముకు కావలసింది పుట్ట: భక్తి, భయం, పెంపకం

కార్తీక శుద్ధ చవితి నాడు కోస్తా ఊళ్లలో తెల్లవారుజామునే పుట్టల దగ్గరికి జనం బయల్దేరతారు. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు పెట్టి, పుట్ట కన్నంలో పాలు పోసి, గుడ్డు వదులుతారు. తెలంగాణలో చాలాచోట్ల ఇదే పూజ శ్రావణంలో నాగుల పంచమికి జరుగుతుంది. పొరపాటున కాలు పడినా పగపట్టవద్దని, మా పిల్లల్ని చల్లగా చూడమని వేడుకుంటారు. అదే ఊళ్లో, అదే వారంలో, వడ్ల బస్తాల వెనక జెర్రిపోతు కనిపిస్తే నలుగురు కర్రలు పట్టుకొస్తారు. చంపాక కొందరికి మనసు కుదురుగా ఉండదు. సర్పదోషం పోవాలని శ్రీకాళహస్తి వెళ్లి రాహుకేతు పూజ చేయించుకుంటారు. ఆ క్షేత్రం పేరులోని ‘కాళ’ శివుణ్ణి కొలిచిన పామే.

వీటికి ఈమధ్య మూడోది తోడైంది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఫ్లాట్లలో గాజుపెట్టె, అందులో దీపం, దాని కింద బాల్ పైథాన్, ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న కొండచిలువ జాతి. మొక్కడం, కొట్టడం, ముద్దుచేయడం. ఒక్క మనిషిలోనే ఈ మూడూ ఉండవచ్చు. ఇందులో వింతేమీ లేదు. మూడు సందర్భాల్లోనూ మనం చూస్తున్నది మన కోరికను, మన భయాన్ని, మన మురిపాన్ని. పాము ఒంటికి ఏం కావాలన్న ప్రశ్న ఎక్కడా రాదు. పెంపకం గురించి వచ్చే గొడవలన్నీ, చట్టంతో సహా, ఆ ప్రశ్న దగ్గరికి వస్తేనే విడిపోతాయి.

భయం తప్పా?

తప్పని చెప్పడం పొలంలో పనిచేసేవాళ్లకు అన్యాయం. 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. ఏటా సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాంతం ఉంది. చనిపోయేది ఎక్కువగా పల్లెవాళ్లు. వరికోతల్లో చెప్పుల్లేని కాళ్లు, చీకట్లో ఆరుబయటికి వెళ్లడం, నేలమీద పడక, ఆసుపత్రికి ముందు నాటువైద్యం దగ్గర పోయిన గంటలు ఇందుకు కారణాలు. ఈ మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది.

భయానికి పుట్టుకతో వచ్చిన పునాది కూడా కొంత ఉంది. ఆరు నెలల పసివాళ్లకు పాము బొమ్మ, చేప బొమ్మ చూపిస్తే పాము బొమ్మకే కనుపాప ఎక్కువగా విచ్చుకుందని 2017లో ఒక ప్రయోగం చూపింది. అది భయం కాదు, ఒళ్లు అప్రమత్తం కావడం. భయంగా మారడం తరువాతి మెట్టు. ప్రయోగశాలలో పుట్టిన కోతులు పామును చూసి బెదరలేదు. పామును చూసి హడలిపోతున్న అడవికోతి వీడియో చూపించాక మాత్రం బెదరడం నేర్చుకున్నాయి. వీడియోను మార్చి, అదే కోతి పువ్వును చూసి హడలిపోతున్నట్టు చూపిస్తే పువ్వుకు భయపడటం నేర్చుకోలేదు. 1980లలో జరిగిన ఈ పరిశోధన తేల్చిందేమిటంటే, నేల సిద్ధంగా ఉంటుంది, విత్తనం వేసేది పెద్దలు. అమ్మ కేక పెట్టే ఇంట్లో పిల్లలు కేక పెడతారు.

భయంతో అసలు చిక్కు, దానికి తేడా తెలియకపోవడం. మన దేశంలో 300కు పైగా జాతుల పాములున్నాయి. మరణాల్లో ఎక్కువ భాగం నాలుగింటివల్లే: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. కర్ర కింద పడేది మాత్రం ఎక్కువగా జెర్రిపోతు, నీరుకట్టె, చెట్టుపాము వంటి విషంలేనివి, పగలు కంటబడేవి కాబట్టి. గాదె దగ్గర ఎలుకల్ని తినే జెర్రిపోతును చంపితే ఎలుకలు మిగులుతాయి, వాటికోసం నాగుపాము రావచ్చు. దీనికి తలకిందులైన తప్పు ఇంకా ప్రమాదం: రక్తపింజరను కొండచిలువ పిల్ల అనుకుని చేత్తో పట్టుకోవడం. రక్తపింజర ఒంటిమీద నల్ల అంచున్న గుండ్రటి మచ్చలు గొలుసులా మూడు వరుసల్లో ఉంటాయి, పొలుసులు గరుకు, ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస. కొండచిలువ మచ్చలు అడ్డదిడ్డంగా, పొలుసులు నునుపుగా మెరుస్తూ ఉంటాయి. ఇది పది అడుగుల దూరం నుంచి చూసి తెలుసుకోవడానికే. దగ్గరికి వెళ్లి పోల్చుకోవడానికి కాదు.

పాలు, పుట్ట

పాము పాలు తాగదు. పాలిచ్చి పెంచే జీవి కాదు కాబట్టి పాలను అరిగించుకునే ఏర్పాటు దాని కడుపులో లేదు. మరి పండుగ రోజుల్లో పాములవాళ్ల బుట్టలోది తాగుతుందేం? అంతకుముందు రోజుల తరబడి దానికి నీళ్లివ్వరు. దాహంతో ఎండిన జీవి తడి ఏదైనా తాగుతుంది. ఆ పాలతో కడుపు చెడుతుంది, ఊపిరితిత్తిలోకి పోతే చీము పడుతుంది. కోరలు పీకిన, నోరు కుట్టిన పాములైతే పండుగ దాటి కొన్ని వారాలే బతుకుతాయి.

పుట్టది వేరే కథ. చీమలు పెట్టిన పుట్ట పాముల పాలైందని సామెత. నిజానికి అది చెదలు కట్టింది. లోపల చీకటి, బయట 42 డిగ్రీల ఎండ ఉన్నా పెద్దగా మారని వేడి, గాలిలో చెమ్మ, ఒంటికి నాలుగు వైపులా ఆనే ఇరుకు గోడలు. పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు. వేడి కావాలంటే వేడి చోటికి, చల్లదనం కావాలంటే చల్లని చోటికి జరగాలి. దాని అరుగుదల, రోగాన్ని తట్టుకునే శక్తి, కుబుసం విడవడం అన్నీ ఈ జరుగుడు మీదే ఆధారపడతాయి. అన్ని అవసరాలూ ఒకేచోట తీరే ఇల్లు కాబట్టే పుట్ట. అందులోకి లీటర్ల కొద్దీ పాలు పోస్తే మట్టి నాని కన్నం మూసుకుపోతుంది, పాలు పులిసి చీమలు పడతాయి. గుమ్మం పక్కన ఆకులో నైవేద్యం పెట్టి, పుట్టకు పసుపు రాసి దండం పెట్టుకుంటే పూజకూ లోటుండదు, పుట్టకూ ఉండదు.

భక్తికి పక్కనే ఆశ కూడా ఉంది. తోక మొద్దుగా తలలా కనిపించే ఎర్ర ఇసుకపామును ‘రెండు తలల పాము’ అని, ఇంట్లో ఉంటే సిరి కలిసొస్తుందని, మందులకు పనికొస్తుందని నమ్మించి బరువును బట్టి లక్షల ధర చెప్పే ముఠాలు తెలుగు రాష్ట్రాల్లో తరచూ పట్టుబడుతుంటాయి. ఆ తోక శత్రువును ఏమార్చడానికి, తల కాపాడుకోవడానికి వచ్చింది. మరే మహిమా లేదు.

చట్టం ఎక్కడ గీత గీసింది

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశపు పామును దేన్నీ ఇంట్లో పెంచకూడదు. విషం ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక కొండచిలువ, నాగుపాము, రక్తపింజరతోపాటు జెర్రిపోతు కూడా గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్లో ఉంది. ఈ షెడ్యూల్ జంతువుల విషయంలో నేరానికి మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25 వేల జరిమానా. పొలంలో దొరికిన కొండచిలువ పిల్లను జాలితో తెచ్చి పెంచినా ఇదే వర్తిస్తుంది.

విదేశీ జాతులకు దారి వేరు. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైట్స్ (CITES) ఒప్పందం జాబితాలో ఉన్నవన్నీ సవరణతో మన చట్టంలో నాలుగో షెడ్యూల్లో చేరాయి. బాల్ పైథాన్, బోవాలు (కొండచిలువల్లాంటి విషంలేని పాములు) అందులో ఉన్నాయి. వీటిని పెంచేవాళ్లు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. దరఖాస్తు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు చేరుతుంది. అప్పటికే ఉన్నవాటికి ఆరు నెలల గడువిచ్చారు, ఆ తరువాత కొనేవాళ్లకు చేతికొచ్చిన నాటి నుంచి 30 రోజులు. పిల్లలు పెట్టినా, చచ్చిపోయినా, వేరొకరికి ఇచ్చినా తెలపాలి. అమెరికా జాతి, విషంలేని కార్న్ స్నేక్ సైట్స్ జాబితాలో లేదు కాబట్టి ఈ నమోదు దానికి రాదు. అయినా బయటి దేశం నుంచి తేవాలంటే దిగుమతి అనుమతి, ఆరోగ్య పత్రం ఉండాల్సిందే.

కొనేవాళ్లు చాలామంది ఇక్కడే జారిపడతారు. అమ్మేవాడు ‘పేపర్లు ఉన్నాయి’ అంటాడు. అడగాల్సింది అది ఎక్కడ పుట్టింది, తల్లిదండ్రుల నమోదు ఏమిటి, బదిలీ మీ పేరున ఎలా జరుగుతుంది అని. బ్యాంకాక్ వంటి చోట్ల నుంచి వచ్చే ప్రయాణికుల సూట్‌కేసుల్లో గుడ్డసంచుల్లో కుక్కిన పైథాన్లను చెన్నై, బెంగళూరు కస్టమ్స్ వాళ్లు ఎన్నోసార్లు పట్టుకున్నారు. పట్టుబడనివి ఆన్‌లైన్ గ్రూపుల్లో తక్కువ ధరకు తేలతాయి, పురుగులతో, జబ్బులతో.

ఆస్ట్రేలియాలో చట్టం దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ లైసెన్సుతో తమ దేశపు పాముల్నే పెంచుకోవచ్చు, బయటి జాతులు నిషిద్ధం. న్యూజిలాండ్, అమెరికాలోని హవాయి పాము పెంపకాన్నే ఒప్పుకోవు. న్యూయార్క్ నగరంలో పైథాన్లు పెంచకూడదు. చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు పక్క రాష్ట్రంలో స్నేహితుడి దగ్గర చూసి కొనేముందు తమ రాష్ట్రం, నగరం చట్టాలు రెండూ చూసుకోవాలి. ఆస్ట్రేలియా పద్ధతి ఇక్కడా రావాలని వాదించేవాళ్లున్నారు. మన దగ్గర అది నడవదు. పెంపకంలో పుట్టిన జెర్రిపోతుకీ, నిన్న పొలంలో పట్టిన జెర్రిపోతుకీ తేడా తేల్చగల తనిఖీ లేనంతవరకు, ఆ అనుమతి అడవిని ఖాళీ చేసే రశీదు అవుతుంది. పైగా అడవిలో పుట్టిన జెర్రిపోతు పెట్టెలో నిలవదు. గాజుకు మూతి కొట్టుకుని పుండు చేసుకుంటుంది, తిండి మానేస్తుంది.

పెట్టెలో పుట్ట కట్టడం

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిమైదానాల్లో ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో ఉంటుంది. అంటే దానికి కావలసింది మనం చవితి నాడు దండం పెట్టే ఇల్లే. పెంపకం మొత్తం ఆ ఇంటిని గాజులో కట్టే ప్రయత్నం.

పెద్దయ్యాక మూడు నుంచి ఐదడుగుల పొడవు, కిలోన్నర నుంచి రెండు కిలోల బరువు. ఆడవి పెద్దవి. పెట్టె కనీసం నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉండాలి. తలుపుకు తాళం తప్పనిసరి, ఎందుకంటే వేలు దూరే సందులోంచి పిల్లపాము జారిపోతుంది. అడుగున నర్సరీల్లో దొరికే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) మూడు, నాలుగు అంగుళాలు పరవాలి. ఎరువు కలిపింది వద్దు. ఉప్పు పోయేలా రెండుసార్లు కడిగి, పిడికిట్లో పిండితే చుక్క రానంత తడితో వాడాలి.

ఒక చివర వేడి, ఇంకో చివర చల్లన. వేడి వైపు నేల 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని వైపు 25 నుంచి 27. గాలిలో తేమ 60, 70 శాతం. రెండు వైపులా ఒక్కొక్క గూడు, పాము చుట్ట చుట్టుకుంటే గోడలు ఒంటికి ఆనేంత ఇరుకుది. ఒకటే గూడు పెడితే భద్రత కావాలా, సరైన వేడి కావాలా అని పాము తేల్చుకోవాల్సి వస్తుంది. ఎక్కువసార్లు భద్రతే ఎంచుకుని చల్లగా పడుంటుంది, తిన్నది అరగదు.

పెట్టెను వేడిచేసే కరెంటు చాప, అంటే హీట్ మ్యాట్‌ను, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా ఎప్పుడూ పెట్టకూడదు. నేరుగా ప్లగ్గులో పెట్టిన మ్యాట్ 45 డిగ్రీలు దాటగలదు. గూడులో సుఖంగా ఉన్న పాము పొట్ట కాలుతున్నా లేవదు. చూసేసరికి పొలుసులు గోధుమరంగుకు తిరిగి ఊడతాయి. సెన్సర్ తీగ మ్యాట్ పక్కన కాదు, పాము పడుకునే చోట ఉండాలి. తీగ జారితే థర్మోస్టాట్ గది చల్లగా ఉందనుకుని మ్యాట్‌ను వెలిగిస్తూనే ఉంటుంది. వారానికోసారి వేరే థర్మామీటర్‌తో సరిచూసుకోవాలి.

విదేశీ వీడియోలు వేడి పుట్టించడం నేర్పుతాయి. మన మే నెలకు కావలసింది చల్లార్చడం. పెట్టెలో 35 దాటితే పాము నోరు తెరిచి, తల వాల్చి తిరుగుతుంది, నరాలు దెబ్బతినవచ్చు. గదికి ఏసీ 27 దగ్గర పెడితే వేడి తగ్గుతుంది కానీ తేమ 40 శాతానికి పడిపోతుంది. అప్పుడు కుబుసం ఒక్క గొట్టంలా రాకుండా ముక్కలు ముక్కలుగా చిరుగుతుంది, తోక కొసన మిగిలిన పట్టీ బిగుసుకుని రక్తం ఆడక తోక కుళ్లుతుంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాకు కన్నం చేసి, లోపల తడి నాచు పెట్టి చల్లని వైపు ఉంచితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. కంటిమీద పొర మిగిలితే గోటితో తీయకూడదు, కన్ను పోతుంది. విశాఖ, కాకినాడ వంటి చోట్ల బాధ తిరగబడుతుంది: తేమ ఎక్కువై, గాలి ఆడక, చలికాలం రాత్రి పెట్టె చల్లబడితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ఊపిరిలో ఈల, మూతి దగ్గర బుడగలు, తల పైకెత్తి కూర్చోవడం ఆ గుర్తులు. అప్పుడు ఇంటి చిట్కాలకు చోటు లేదు, పశువైద్యుడి దగ్గరికే. సరీసృపాలు చూసే వైద్యుడు మీ ఊళ్లో ఉన్నాడో లేడో కొనకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

తిండి ఎలుకే. దీనికి ప్రత్యామ్నాయం లేదు. కూర మాంసం, కోడి ముక్కలు చాలవు, ఎముకలు, లోపలి అవయవాలతో సహా మొత్తం జంతువు కావాలి. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. పిల్లపాముకు వారానికోసారి, పెద్దదానికి మూడు, నాలుగు వారాలకోసారి. గడ్డకట్టించిన ఎలుకను రాత్రి ఫ్రిజ్ కింది అరలో కరిగించి, జిప్ కవర్లో పెట్టి వేడినీళ్లలో 38 డిగ్రీలకు తేవాలి. మైక్రోవేవ్‌లో లోపలి భాగం ఉడికి పొట్ట పగులుతుంది. పొడవాటి పటకారుతోనే ఇవ్వాలి, ఎలుక వాసన ఉన్న చేయి పాముకు ఎలుకే. బతికున్న ఎలుకను పెట్టెలో వదిలి వెళ్లడం పెద్ద తప్పు. ఆకలి లేని పామును ఎలుక కొరికి వెన్ను దాకా తినేసిన సందర్భాలున్నాయి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకూడదు, కక్కేస్తుంది. కక్కితే పది, పన్నెండు రోజులు కడుపుకు విశ్రాంతి ఇచ్చి, తరువాత చిన్న ఎలుక పెట్టాలి.

చలికాలంలో రెండు మూడు నెలలు తినకపోతే కొత్తవాళ్లు హడలిపోతారు. ఈ జాతికి అది మామూలే. హడలాలా వద్దా చెప్పేది వంటింటి త్రాసు. నెలకోసారి తూచి రాసిపెట్టుకోవాలి. పదో వంతు బరువు తగ్గితేనే వైద్యుడు.

ఇంట్లో ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు ఉంటే పాము వద్దనడమే మంచిది. పామును చూస్తే ఆరోగ్యంగానే ఉంటుంది కానీ రెట్టలో మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం, నీళ్ల గిన్నెను వంటింటి సింకులో కడగకపోవడం, ఈ రెండూ అందరికీ నియమాలు. రంగు చూసి ఎంచుకునేవాళ్లకు ఇంకొక మాట: ‘స్పైడర్’ అనే రంగు రకానికి ఆ రంగిచ్చే జన్యువే తల ఊగే నరాల లోపాన్నీ ఇస్తుంది. అందం కోసం ఆ లోపాన్ని కొనకండి.

మనల్ని గుర్తుపడుతుందా?

వాసనతో మీ చేయి తెలిసినదే అని పసిగట్టగలదు. బెదరకుండా ఉండటం నేర్చుకుంటుంది. ప్రేమ అని మనం పిలిచేది దాని దగ్గర ఉందనడానికి ఆధారం లేదు. మణికట్టుకు చుట్టుకోవడం పడిపోకుండా పట్టు, మీ ఒంటి వెచ్చదనం. అందరూ ముచ్చటపడే ఆ ఉండచుట్ట, దానికి ‘బాల్’ అని పేరు తెచ్చిన భంగిమ, నిజానికి భయంతో తల దాచుకోవడం. పిలిస్తే వచ్చే ప్రాణి కావాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు. చూస్తూ ఉండటమే ఇష్టమైనవాళ్లకు, నాలుక ఆడించి గాలి చదవడం, రాత్రి పదకొండుకు గూడులోంచి మెల్లగా తల బయటపెట్టడం చాలు అనుకునేవాళ్లకు, ఇది ఏళ్ల తరబడి విసుగు పుట్టించదు.

ఎన్ని ఏళ్లు? బాగా చూస్తే 20 నుంచి 30. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిందని అంచనా వేసిన ఒక ఆడ బాల్ పైథాన్, మగదానితో కలిసి పదిహేనేళ్లకు పైగా అయినా, 2020లో ఏడు గుడ్లు పెట్టింది. ఇంటర్‌లో కొన్న పాము పెళ్లికీ, విదేశీ ఉద్యోగానికీ, పిల్లల చదువుకీ సాక్షిగా ఉంటుంది. ఆ మధ్యలో ఎవరు చూస్తారన్నదానికి పేరుతో సహా జవాబుండాలి.

ఇక చాలు అనిపించినప్పుడు చెరువు గట్టునో, అడవి అంచునో వదిలేయడం నేరమే కాదు, చాలా నష్టం. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంచుకుని వదిలేసినవి, తప్పించుకున్నవి కలిసి బర్మీస్ పైథాన్లు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి అడవిలో స్థిరపడ్డాయి. అవి ఎక్కువ కాలంగా ఉన్న చోట్ల రకూన్లు అనే చిన్న జంతువులు 99 శాతం మేర కనిపించకుండా పోయాయని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది. పామును వదులుకోవాల్సి వస్తే నమోదు కాగితాలతో అటవీశాఖకు తెలిపి, నమోదు చేసుకున్న మరో పెంపకందారుకు బదిలీ చేయడమే దారి.

తప్పించుకుంటే వెంటనే గది తలుపు కింద తడి తువ్వాలు కుక్కాలి. బాత్రూమ్ జాలీలు మూసి, రాత్రి దాకా ఆగాలి, అది రాత్రి తిరిగే జీవి. గుమ్మాల దగ్గర గోధుమపిండి సన్నటి గీతలా చల్లితే ఏ గదిలోకి పోయిందో తెలుస్తుంది. ఫ్రిజ్ వెనక, ఇన్వర్టర్ కింద, వాషింగ్ మెషిన్ మోటారు దగ్గర, సోఫా అడుగు గుడ్డలో మొదట వెతకాలి. అన్నీ పుట్టలాంటి చోట్లే, చీకటి, ఇరుకు, వెచ్చన. పక్క ఫ్లాటువాళ్లకు దాని గోధుమరంగు మచ్చలు రక్తపింజర మచ్చల్లా కనిపిస్తాయి. వాళ్లను తప్పుపట్టలేం. పామును తెచ్చిన రోజే నాలుగు ఇళ్లకూ దాని ఫొటో, విషం లేదన్న మాట, మీ నంబరు పంపి ఉంటే, కర్ర వెతకడానికి ముందు వాళ్లు ఫోన్ తీస్తారు.